బూజుకి కంచె

ముత్యాలరావు కారుని పాడుచేసింది ప్రభుత్వం. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఎన్నికల పనికని పట్టుకెళ్లారు. రెండు రోజుల్లో ఇచ్చేస్తామన్నారు. మూడు వానాకాలాలు తడిపారు. కారు తీసుకున్న అధికారికి ఎక్కడికో బదిలీ అయింది. తీసుకున్న అధికారే తిరిగి ఇవ్వాలని నిబంధన. ఆయన ఊళ్లో లేడు కాబట్టి ఇవ్వలేడు. ఆయన చోటులోకి వచ్చినాయన తీసుకోలేదు కాబట్టి ఇవ్వలేడు. కారు మాత్రం సమన్వయ కార్యాలయం ఆవరణలో ఒక మూల, వెనక అద్దం రెండు వేళ్ల మేర దిగిపోయి, పైనుంచి పడిందంతా తాగుతూ కూర్చుంది.

సమన్వయ కార్యాలయం ఎవరిని ఎవరితో సమన్వయం చేస్తుందో లంకవాడలో ఎవరికీ తెలీదు. లోపల పనిచేసేవాళ్లకి కూడా తెలీదని ముత్యాలరావు అనుమానం. ఆయన ఊరి బళ్లో ఐదో తరగతి దాకా చదివాడు. బజారులో నీళ్ల మోటార్లకి వైండింగు చేసే షాపు పెట్టి, అరవై దాటినా అదే నడుపుతున్నాడు. కాలిపోయిన మోటారు తెచ్చి ముందు పెడితే కాలిపోయిందని చెబుతాడు గానీ పరిశీలనలో ఉందని చెప్పడు. అందుకే ఆఫీసులకీ ఆయనకీ చుక్కెదురు.

కారు పోతే పోయింది. పాత మారుతి, ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాడు లేడు. ఆయన ప్రాణమంతా వెనక సీటు కవరు మీద ఉంది. అది భార్య రామతులసి కుట్టింది. నీలం గుడ్డ మీద ఎదురెదురుగా రెండు చిలకలు. పచ్చ దారం ఆ రోజుల్లో ఊళ్లో దొరక్క తెల్ల దారంతోనే లాగించేసింది. "తెల్ల చిలకలేంటమ్మా?" అని ఎవరైనా అడిగితే, "ఎండన పడి తిరిగి వెలిసిపోయాయి" అనేది. ముందు సీట్లో కూర్చుంటే ఎదురొచ్చే లారీలన్నీ తన ఒళ్లోకే వస్తున్నట్టుంటుందని, ఎప్పుడూ వెనక ఎడమ పక్కన, ఆ చిలకల మీదే కూర్చునేది. అక్కణ్ణించే ఆయన డ్రైవింగుకి వంకలు పెట్టేది.

ఆవిడ పోయిన ఏడాదే ఎన్నికలు వచ్చాయి. చీరలు ఆవిడ అక్కచెల్లెళ్లు పంచుకుపోయారు. ఆయనకి మిగిలింది ఆ కవరొక్కటే. కారు పట్టుకెళ్లే రోజున, కవరు విప్పుకుంటానని అడిగాడు. "ఉన్నది ఉన్నట్టుగా స్వాధీనపరచుకోవలెనని ఉత్తర్వు" అన్నారు. ఉన్నది ఉన్నట్టుగా పట్టుకుపోయారు. ఉన్నట్టుగా ఉంచలేదు.

మూడో వానాకాలం చివర అనుకోకుండా కథ కదిలింది. ఆ పాత అధికారి ఎక్కడో పదవీ విరమణ చేస్తూ, ఆఖరి రోజున బల్ల మీదున్న కాగితాలన్నిటి మీదా చూడకుండా సంతకాలు గిలికాడు. వాటిలో ముత్యాలరావు కారు విడుదల ఉత్తర్వు ఒకటి. ఉద్యోగంలో ఆయన చేసిన మంచిపని అదొక్కటే అయి ఉండాలి. అదీ చూడకుండా చేశాడు.

ఉత్తర్వు అందిన పూటే ముత్యాలరావు బకెట్టు, గట్టి బ్రష్షు, వెనిగరు సీసా, పాత గుడ్డలు సర్దుకున్నాడు. పక్కింట్లో ఉండే చెల్లెలు వరాలమ్మ వచ్చి తువ్వాలు చేతిలో పెట్టింది.

"అన్నయ్యా, ముక్కుకీ మూతికీ ఇది కట్టుకో. బూజు గాల్లోకి లేచిందంటే దగ్గు పట్టుకుంటుంది."

"పట్టుకుంటే పట్టుకుంటుంది."

"నీకేం, మంచమెక్కుతావు. చాకిరీ నాది కదా."

ఆయన తువ్వాలు కట్టుకుని వెళ్లాడు. ప్యూను గవరయ్య తాళంచెవి ఇచ్చాడు. ముత్యాలరావు తలుపు లాగాడు. అది ఏడ్చినట్టు చప్పుడు చేసి తెరుచుకుంది.

లోపల కారు లేదు. పచ్చటి నూగు ఉంది. స్టీరింగు చుట్టూ మెత్తగా పట్టి, నిమిరితే మియావ్ అంటుందేమో అన్నట్టుంది. పైకప్పు నుంచి తీగలు తీగలుగా దిగింది. సీటు బెల్టులు గడ్డాలు పెంచాయి. వెనక సీటు మీద అరంగుళం మందాన పరుచుకుంది. చిలకలు ఎక్కడున్నాయో కూడా తెలీదు.

ముత్యాలరావు చొక్కా చేతులు పైకి మడిచి, బ్రష్షు తీసుకుని, సీటు మీదకి వంగాడు.

"ఆగండాగండి! చెయ్యి తియ్యండి బాబూ!" గవరయ్య చెప్పులు టపటపలాడిస్తూ పరిగెత్తుకొచ్చాడు. "మీ పుణ్యముంటుంది, అది ముట్టుకోకండి. నా ఉద్యోగం పోద్దండి."

"బూజురా."

"ఆయ్, నిన్నటిదాకా బూజేనండి. పొద్దున్నే సర్క్యులరొచ్చింది. ఇప్పుడది పచ్చదనం."

*

ఆ ఏడు 'పచ్చ ముంగిలి' ఉద్యమం నడుస్తోంది. ప్రతి కార్యాలయమూ తన ఆవరణలో ఇన్ని చదరపు అడుగుల పచ్చదనం చూపించాలి. లంకవాడ సమన్వయ కార్యాలయంలో చూపించడానికి గడ్డిపరక లేదు. ఎందుకంటే అంతకుముందు ఏడు 'దుమ్ము లేని ఆవరణ' ఉద్యమం నడిచింది. అప్పుడు ఆవరణ అంతా గోడ నుంచి గోడదాకా సిమెంటు పోశారు. ఆకులు రాల్చి దుమ్ము చేస్తోందని ఉన్న ఒక్క వేపచెట్టునీ కొట్టేశారు. దానికి జిల్లాలో మొదటి బహుమతి కూడా వచ్చింది. ఆ షీల్డు గోడ మీదుంది. దాని మీద దుమ్ముంది.

సమన్వయాధికారి కృపానిధి గారు ఆ షీల్డు కిందే కూర్చుని ఉన్నారు. ఆయన నోరు విప్పితే మాటలు రావు, నోట్ ఫైలు వస్తుంది.

"రండి ముత్యాలరావు గారూ. తమరి వాహనం విడుదల నిమిత్తం వెలువడిన ఉత్తర్వు మాకు అందినది. దానిని మేము సాదరంగా స్వీకరించియున్నాము."

"అయితే తీసుకుపోతాను."

"నిరభ్యంతరంగా. వాహనం తమరిది. వాహనంలోని పచ్చదనం మాత్రం కార్యాలయానిది."

"అది పచ్చదనం కాదండి. బూజు."

"దాని రంగేమిటి?"

ముత్యాలరావు ఆలోచించాడు. "పచ్చ."

"వృద్ధి చెందుతున్నదా?"

"చెందబట్టే కదా ఈ ఖర్మ."

"సజీవమేనా?"

"నాకంటే నయంగానే ఉంది."

"మరి తమరే ఒప్పుకున్నారు" అని కృపానిధి గారు సర్క్యులరు కళ్లకద్దుకోవడం ఒక్కటే తక్కువగా చేతిలోకి తీసుకుని చదివారు. "'కార్యాలయ ఆవరణలో సజీవమై, హరిత వర్ణము కలిగి, వృద్ధి చెందుతున్న దేనినైనను నిర్మూలించుట గాని, ఆవరణ వెలుపలికి తరలించుట గాని, ఏ హోదాకు చెందిన ఏ వ్యక్తికైనను నిషిద్ధము.' చూశారా? మొక్క అన్న మాట ఇందులో ఎక్కడైనా ఉందా? లేదు. డైరెక్టరు విద్యానాథం గారు స్వహస్తాలతో రాశారు. మొక్క అని రాయడం వారికి చేతకాక కాదు. ఎంత దూరం ఆలోచించారో!"

"తుడిచేసి తీసుకుపోతే?"

"నిర్మూలనం."

"తుడవకుండా తీసుకుపోతే?"

"తరలింపు."

"ఇక్కడే వదిలేస్తే?"

"పరిరక్షణ!" అన్నారు కృపానిధి గారు మురిసిపోతూ. "తమరికి విషయం త్వరగా బోధపడినది."

"సీటు కవరొక్కటి విప్పి ఇవ్వండి. మిగతాది మీరే ఉంచుకోండి. ఇంజనుతో సహా."

"అక్కడే కదండీ దట్టంగా పెరిగింది! అది మా ముఖ్య క్షేత్రం."

"ఎవరు అనుమతిస్తే తీయొచ్చు?"

దానికి జవాబు పక్కనే నిలబడ్డ సూపరింటెండెంటు విమలాదేవి చెప్పింది. ఆవిడకి సర్క్యులర్లన్నీ నోటికొచ్చు. ఇంట్లో పప్పులో ఉప్పు కూడా పేరా చూసుకుని వేస్తుందని గవరయ్య అంటాడు. "డైరెక్టరు గారు ఒక్కరేనండి. అదీ పచ్చదనం ఉన్న చోటికి స్వయంగా వచ్చి, కళ్లతో చూసి, అక్కడే సంతకం చేయాలి. ఏడో పేరా."

"ఆయన ఎప్పుడొస్తాడు?"

"పచ్చదనం బాగుంటే వస్తారండి" అంది విమలాదేవి.

ముత్యాలరావు బకెట్టు పట్టుకుని ఇంటికి పోయాడు. బకెట్టులో వెనిగరు సీసా మూత తీయకుండా అలాగే ఉంది.

*

మర్నాటి నుంచి కారుకి యోగం పట్టింది.

విమలాదేవి టేపు పట్టుకుని కారులోకి దూరి కొలిచింది. సీట్లు కొలిచింది, తలుపుల లోపలి వైపు కొలిచింది, పైకప్పు కొలిచింది. నేల మీద పెరిగేదానికంటే కప్పు నుంచి తలకిందులుగా పెరిగేదానికి మార్కులెక్కువట. అదంతా విడివిడిగా రాస్తే పత్రంలో చాలదని "ఒకే జాతి, ఒకే క్షేత్రం, ఒకే పంట" అని ఒక్క వరుసలో నమోదు చేసింది. జాతి పేరు దగ్గర 'స్థానికం' అని రాసింది. 'నాటినవారు' అన్న చోట కాసేపు కలం ఆపి, బయట నిలబడి చూస్తున్న ముత్యాలరావుని చూసి, ఆయన పేరు రాసేసింది.

"నేను నాటలేదమ్మా."

"కారు మీదే కదండీ. భూమి ఎవరిదైతే పంట వాళ్ల పేరునే రాస్తాం."

బూజుకి ఎండ తగలకూడదని కారు మీద రేకుల పందిరి వేశారు. పశువులు మేయకుండా చుట్టూ ఇనప కంచె కట్టారు. సిమెంటు చేసిన ఆవరణలోకి పశువు రావడం ఎవరూ చూడలేదు, అయినా కంచె కట్టాలని పదో పేరాలో ఉంది. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి గవరయ్య పంపుతో లోపల నీళ్లు చిమ్మాలి. మొక్కలతో మాట్లాడితే ఏపుగా పెరుగుతాయని కృపానిధి గారు ఎక్కడో చదివారు. ఆ బాధ్యత కూడా గవరయ్యకే అప్పగించారు.

"ఏం మాట్లాడుతున్నావురా దానితో?" ముత్యాలరావు కంచె బయట నుంచి అడిగాడు.

"ఏముందండి, మా అత్తగారి సంగతులే చెబుతున్నానండి. పాపం బానే వింటది. నిన్న పెద్ద బావమరిది గొడవ చెప్పాను, తెల్లారేసరికి గేరు రాడ్డు మీద కూడా మొలిచిందండి."

"వెనక సీటు దగ్గర మాట్లాడకు."

"ఏమండి?"

"నీళ్లు కూడా అటు కొట్టకు."

గవరయ్య ఆయన మొహం చూసి, పంపు ముందు సీటు వైపు తిప్పాడు. అయినా బూజు ఆగలేదు. చిలకలున్న చోట ఇప్పుడు చిన్న మెత్త పరిచినట్టుంది. ముత్యాలరావు రోజూ షాపు కట్టేసి వచ్చి అద్దంలోంచి చూసేవాడు. దారం కుళ్లడానికి ఎన్నాళ్లు పడుతుందో వైండింగు చేసేవాడికి తెలుసు. రాగి తీగ మీద చుట్టిన నూలు తడిలో ఏమవుతుందో ఆయన జీవితమంతా చూశాడు.

ఫొటోలు పైకి వెళ్లాయి. 'లోపలి హరితం' అనే కొత్త విధానాన్ని లంకవాడ కనిపెట్టిందని పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. దానితోపాటు, నాటిన రైతుని సన్మానించాలని ఆదేశం వచ్చింది. కృపానిధి గారు ముత్యాలరావుని పిలిపించి, శాలువా కప్పి, 'హరిత మిత్ర' అని రాసిన చెక్క పలక చేతిలో పెట్టారు. చప్పట్లు కొట్టారు. ముత్యాలరావు శాలువా అంచు రెండు వేళ్ల మధ్య పెట్టి నలిపి చూశాడు. మంచి మెత్తటి గుడ్డ. తుడవడానికి పనికొస్తుంది. మడిచి చంకలో పెట్టుకున్నాడు.

తర్వాత చుట్టుపక్కల ఆఫీసులవాళ్లు విత్తనం కోసం రావడం మొదలెట్టారు. వాళ్లూ 'దుమ్ము లేని ఆవరణ' ఉద్యమంలో సిమెంటు పోసుకున్నవాళ్లే. తరలింపు నిషిద్ధం కాబట్టి విత్తనం ఇవ్వడం కుదరదని విమలాదేవి తేల్చేసింది. విత్తనం ఇవ్వలేకపోతే విజ్ఞానం ఇద్దామని కృపానిధి గారు శిక్షణ శిబిరం పెట్టారు. ముఖ్య ఉపన్యాసకుడు ముత్యాలరావు.

ఆయన లేచి మైకు ముందు నిలబడ్డాడు. ఎదురుగా పద్దెనిమిది మంది అధికారులు పుస్తకాలు తెరుచుకుని కూర్చున్నారు.

"బూజు పెరగాలంటే ఏం చేయాలండి?" ముందు వరుసలో ఒకాయన అడిగాడు.

"ఏమీ చేయకూడదు."

అందరూ రాసుకున్నారు.

"ఎన్నాళ్లు చేయకూడదండి?"

"మీకు ఎన్నాళ్లు చేతనైతే అన్నాళ్లు."

"అబ్బే, అది మాకు పెద్ద కష్టం కాదండి" అన్నాడాయన ఊరటగా. వెనక ఎవరో, "మా దగ్గర రికార్డు రూములో ఎప్పటి నుంచో ఇదే పద్ధతి నడుస్తోంది, ఇన్నాళ్లూ తెలీక వదిలేశాం" అని బాధపడ్డాడు. శిబిరం ముగిసేలోగా ముగ్గురు తమ ఆఫీసు జీపులు తడిపి తాళాలు వేయించమని ఫోన్లు చేసేశారు.

ఇంటికొచ్చి ఆ కథ చెబితే వరాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "వదినుంటే చీపురు పుచ్చుకుని ఆఫీసు మొత్తాన్ని దులిపేసేది" అంది.

ముత్యాలరావు నవ్వలేదు. "డైరెక్టరు వస్తున్నాడు" అన్నాడు. "శుక్రవారం."

*

డైరెక్టరు విద్యానాథం గారు తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లతో దిగారు. పచ్చదనం పక్కన తెలుపు ఫొటోల్లో బాగా వస్తుందని వారికి తెలుసు. పందిరికి మామిడాకులు కట్టారు. ఆ ఆకులు పక్క ఊరి నుంచి కోయించుకొచ్చారు. వేరే ఆవరణలో కోసిన ఆకులకి మన సర్క్యులరు వర్తించదని విమలాదేవి ముందే చూసి చెప్పింది.

విద్యానాథం గారు కారు చుట్టూ ప్రదక్షిణ చేసినట్టు తిరిగారు. "అద్భుతం. ఇంతకాలం మనం పచ్చదనాన్ని బయట వెతికాం. అది మన లోపలే ఉంది."

"లోపలే ఉందండి" అన్నారు కృపానిధి గారు.

"దీనిలో కూర్చుని ఒక చిత్రం తీయించుకుంటే రాష్ట్రమంతటికీ స్ఫూర్తిగా ఉంటుంది."

కృపానిధి గారు పరుగున వెళ్లి ముందు తలుపు తీశారు. విద్యానాథం గారు ఆ తలుపు వంక చూసి కదల్లేదు. కృపానిధి గారికి తప్పు తెలిసి చెమట పట్టింది. డైరెక్టరు హోదా ఉన్నవారు ముందు సీట్లో కూర్చోరు. డ్రైవరు పక్కన పీఏ కూర్చుంటాడు, వెనక ఎడమ వైపు అధికారి కూర్చుంటాడు. కారు కదలకపోయినా, డ్రైవరు లేకపోయినా, కారు నిండా బూజున్నా, ఆ పద్ధతి మారదు.

గవరయ్య వెనక తలుపు తీశాడు. విద్యానాథం గారు వంగారు.

"అక్కడ కూర్చోకండి." ముత్యాలరావు గొంతు అంత గట్టిగా వస్తుందని ఆయనే అనుకోలేదు.

అందరూ తిరిగి చూశారు. విద్యానాథం గారు దయగా అడిగారు, "ఏం, ఎందుకని?"

"అది మా ఆవిడ చోటు."

"అలాగా! వారు వచ్చేసరికి లేచిపోతాంలెండి" అని విద్యానాథం గారు కూర్చున్నారు.

ముత్యాలరావు కంచె ఊచ పట్టుకున్నాడు. మూడేళ్లుగా ఆ చోట ఎవరూ కూర్చోలేదు. గవరయ్య కూడా తల దించుకున్నాడు. ఫొటోలు మాత్రం ఆగలేదు. ఇటు చూడమన్నారు, అటు చూడమన్నారు, నవ్వమన్నారు. నవ్వబోయి విద్యానాథం గారు తుమ్మారు. ఒకటి కాదు, వరసగా. తుమ్మినప్పుడల్లా లోపల పచ్చటి పొగ లేచింది. ఆ పొగకి మళ్లీ తుమ్ము. కళ్ల వెంట నీళ్లు కారుతుండగా, కృపానిధి గారు చెయ్యి పట్టి బయటికి లాగారు.

"ఆనంద బాష్పాలు" అని విలేకరులకి చెప్పారు.

విద్యానాథం గారు ముక్కు తుడుచుకుంటూ తమ కారు వైపు నడిచారు. అప్పుడు వెనక నుంచి అందరికీ కనిపించింది. తెల్ల ప్యాంటు మీద, కూర్చునే చోట, తడి బూజు అచ్చు గుద్దినట్టు పడింది. ఉబ్బెత్తుగా కుట్టిన దారం కదా, గీత కూడా చెదరలేదు. రెండు పచ్చ చిలకలు ఎదురెదురుగా, కుడి పిర్ర మీద ఒకటి, ఎడమ పిర్ర మీద ఒకటి. ఆయన అడుగు వేసినప్పుడల్లా ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి.

నవ్వొస్తే ఉద్యోగం పోతుందని అందరూ ఆకాశం వంక చూశారు. ముత్యాలరావు ఒక్కడే చిలకల వంక చూశాడు. ముక్కులు చెక్కు చెదరలేదు. అంటే కింద కుట్టు ఇంకా గట్టిగానే ఉంది. కుళ్లలేదు.

ఆయన మెల్లిగా విమలాదేవి పక్కకి జరిగాడు. "అమ్మా, చిన్న సందేహం. అయ్యగారి ప్యాంటుకి ఉన్నది పచ్చదనమేనా?"

విమలాదేవి చూసింది. ఆవిడ మొహం మారిపోయింది. ఒక్క ఉదుటున వెళ్లి, గేటు దగ్గర రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడింది.

"సార్, క్షమించాలి. తమరు ఆవరణ దాటరాదు."

"ఏమిటీ?"

"తమరితో పచ్చదనం వెళుతోందండి. 'వెలుపలికి తరలించుట ఏ హోదాకు చెందిన ఏ వ్యక్తికైనను నిషిద్ధము.' తమరి సర్క్యులరే."

విద్యానాథం గారు వెనక్కి మెడ తిప్పి చూసుకోవడానికి ప్రయత్నించారు. మెడ అంత దూరం తిరగలేదు. గవరయ్య చేత్తో దులపబోయాడు.

"నిర్మూలనం!" అంది విమలాదేవి. గవరయ్య చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"కృపానిధీ, ఈవిడకి చెప్పండి."

"చెప్పడానికి... అంటే, సార్, పేరా ప్రకారం చూస్తే..." కృపానిధి గారు నోట్ ఫైలులోకి జారుకున్నారు. "ప్యాంటును ఇక్కడే విడిచి వెళ్లడం ఒక మార్గంగా పరిశీలించవచ్చును."

"విడిచి?"

"దానికి కూడా కంచె కట్టిస్తాం సార్. పందిరి వేయిస్తాం. గవరయ్య దానితో మాట్లాడతాడు."

విలేకరులు కెమెరాలు మెల్లిగా పైకెత్తారు. విద్యానాథం గారి మొహం తెల్లబడి, చొక్కాలో కలిసిపోయింది.

"తరలింపుకి అనుమతి ఇచ్చే అధికారం ఎవరికుంది?" అని అడిగారు నీరసంగా.

"తమరికేనండి. చోటికి స్వయంగా వచ్చి, కళ్లతో చూసి, ఇక్కడే సంతకం చేయాలి. ఏడో పేరా."

"కాగితం తీసుకురండి. 'నా ప్యాంటు మేరకు అనుమతించడమైనది' అని రాయండి."

"అలా కుదరదండి" అంది విమలాదేవి. "ఇది ఒకే పంటగా నమోదైంది. తమరి ప్యాంటు మీదున్నదీ, కారులో ఉన్నదీ వేరు కాదు. ఇస్తే మొత్తానికి ఇవ్వాలి. లేకపోతే లేదు."

విద్యానాథం గారు ఒకసారి గేటు వైపు, ఒకసారి కెమెరాల వైపు చూశారు. ఆ తర్వాత కలం తీశారు.

సంతకం తడి ఆరకముందే ముత్యాలరావు కంచె పీకేశాడు. బండి స్టార్టు కాలేదు. గవరయ్య వెనక నుంచి తోశాడు. గేటు దగ్గర విమలాదేవి అనుమతి మరోసారి చదివి, తప్పుకుని దారిచ్చింది.

"బాబూ!" గవరయ్య రొప్పుతూ తోస్తూనే అడిగాడు. "రేపట్నుంచి మా అత్తగారి సంగతులు ఎవరికి చెప్పుకోవాలండి?"

"మీ ఆవిడకి చెప్పుకో. ఉన్నప్పుడే."

*

ఇంటి ముందు ఎండలో నాలుగు తలుపులూ బార్లా తెరిచి పెట్టాడు. కాళ్ల కింద పరిచిన పట్టాలు లాగి దూరంగా పారేశాడు. మూతికి తువ్వాలు కట్టుకుని, ముందు పొడి బ్రష్షుతో నూగంతా బయటికి దులిపాడు. తర్వాత వెనిగరులో సగానికి సగం నీళ్లు కలిపి, 'హరిత మిత్ర' శాలువా ముంచి స్టీరింగు, తలుపులు, కప్పు తుడిచాడు. శాలువా మంచి పనితనం చూపింది. చెక్క పలకని చక్రం కింద అడ్డు పెట్టాడు.

సీటు కవరు తనే విప్పాడు. వరాలమ్మ కుంకుడు రసం కొట్టి ఇచ్చింది. బకెట్టులో నానబెట్టి, పిండకుండా, నీళ్లు మార్చి మార్చి జాడించాడు. పచ్చ నీళ్లు కాలవలోకి పోయాయి. ఉతికిన కవరు తీగ మీద ఆరేసి, ఎండ పోయేదాకా దాని ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

నీలం గుడ్డ శుభ్రంగా వచ్చింది. దారం మాత్రం మూడేళ్ల రంగు పీల్చేసుకుంది. తీగ మీద రెండు చిలకలు, నిఖార్సయిన పచ్చ చిలకలు, ఎదురెదురుగా గాలికి ఊగుతున్నాయి.

వరాలమ్మ చాలాసేపు చూసింది. "చూశావా అన్నయ్యా, వదిన పచ్చ దారం కోసం అప్పట్లో అంగళ్లన్నీ తిరిగింది. చివరికి గవర్నమెంటోళ్లు వేసిపెట్టారు."

"ఆ మాట ఇంకోసారి అనకు."

"పోనీ వెనిగరుతో మళ్లీ ఉతకనా? తెల్లగా వస్తాయేమో."

ముత్యాలరావు లేచి, తీగ మీంచి కవరు తీసి, ఆమెకి అందకుండా లోపలికి పట్టుకుపోయాడు.

సమన్వయ కార్యాలయంలో పచ్చదనం పోయిందని కృపానిధి గారు దిగులు పడలేదు. సిమెంటుకి పచ్చ రంగు వేయించారు. ఆఫీసు జీపుని తడిపి తాళం వేయించారు. అందుచేత ఒకనాడు మిట్టమధ్యాహ్నం, జిల్లా సమావేశానికి ఆలస్యమై, బజారులో చెమటలు కక్కుతూ నిలబడ్డారు. అటుగా, మళ్లీ నడకలో పడ్డ తెల్ల మారుతి వచ్చింది. చెయ్యెత్తారు. ఆగింది.

ఆయన అలవాటుగా వెనక ఎడమ తలుపు పట్టుకున్నారు.

"ముందు కూర్చోండి" అన్నాడు ముత్యాలరావు.

"మా హోదా దృష్ట్యా..."

"కూర్చుంటే ముందు కూర్చోండి. లేకపోతే నడవండి."

కృపానిధి గారు ఎండ చూశారు, గడియారం చూశారు, ముందు కూర్చున్నారు. బండి కదిలింది. ఎదురుగా లారీ ఒకటి ఒళ్లోకే వస్తున్నట్టు వచ్చి, పక్కనుంచి పోయింది. ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగారు. వెనక సీటు ఖాళీగా ఉంది. చిలకలు పచ్చగా ఉన్నాయి.

"ఇవి... ఇవి ఆ పంటవేనా? ఇంత రంగు తేలిందా! ముత్యాలరావు గారూ, మా కార్యాలయం విజయగాథల్లో దీన్ని తప్పక చేర్చాలి. తమరు జరిగినదంతా ఒకసారి మొదటి నుంచి సెలవిస్తే..."

ముత్యాలరావు బ్రేకు మీద కాలు పెట్టాడు. చుట్టూ చెట్టు నీడ కూడా లేని రోడ్డు.

"చూడండి. ఆ సంగతి మళ్లీ ఎత్తితే దింపేస్తాను. ఇవాళే కాదు, నేను బతికున్నన్నాళ్లూ ఎవరు ఎత్తినా అంతే. దాని గురించి నేను చెప్పేది అయిపోయింది."

కృపానిధి గారు ముందుకి తిరిగి కూర్చున్నారు. ముత్యాలరావు గేరు మార్చాడు.